ఎకో ఎప్పుడు చాలు, ఎప్పుడు చాలదు: గుండె పరీక్షల్లో దేన్ని ఎంచుకోవాలి

ఎకో గదిలో మంచం మీద ఎడమ పక్కకు తిరిగి పడుకున్నవాళ్లు తెర వైపు మెడ తిప్పి అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "బ్లాకులేమైనా కనిపిస్తున్నాయా అండీ?" ఎకో, అంటే ధ్వనితో గుండె బొమ్మ తీసే పరీక్ష, చేయడమే నా పని కాబట్టి ఆ ప్రశ్న కొన్ని వేలసార్లు విని ఉంటాను. ప్రతిసారీ చెప్పే జవాబు కూడా ఒకటే: "ఇందులో బ్లాకులు కనిపించవండీ." ఆ మాట వినగానే వాళ్ల ముఖంలో అయోమయం మొదలవుతుంది. మరి ఈ పరీక్ష ఎందుకు చేస్తున్నట్టు?

ఆ సందేహం రావడంలో తప్పేమీ లేదు. "ఎకో నార్మల్" అన్న కాగితాన్ని "గుండె నార్మల్" అని చదువుకుని, నడిస్తే వచ్చే ఛాతీ నొప్పిని నెలల తరబడి గ్యాస్ అనుకున్నవాళ్లను చూశాను. అదే కాగితంలో "ట్రివియల్ టీఆర్" (ఒక వాల్వు కాస్త కారడం) అన్న రెండు ముక్కలు చూసి నిద్రకు దూరమైనవాళ్లనూ చూశాను. ఇద్దరి ఇబ్బందికీ మూలం ఒకటే. ఆ పరీక్ష ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. గుండె పరీక్షల్లో ఇది గొప్పది, అది తక్కువది అంటూ ఏమీ లేదు. మన ప్రశ్న ఏమిటో తేలితే పరీక్ష ఏదో దానంతటదే తేలుతుంది. అందుకే ఇక్కడ పరీక్షల వారీగా కాకుండా ప్రశ్నల వారీగా వెళ్తాను.

ఎకో ఏం చూస్తుంది, ఎలా చూస్తుంది

చేతిలో ఉండే ప్రోబ్ సెకనుకు 20 నుంచి 50 లక్షల సార్లు కంపించే ధ్వనిని ఛాతీలోకి పంపుతుంది. మన చెవికి 20 వేలు దాటితేనే వినపడదు. ఆ ధ్వని కండరాన్నీ వాల్వులనూ రక్తాన్నీ తాకి వెనక్కి వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో లెక్కగట్టి యంత్రం బొమ్మ గీస్తుంది. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగె ఎడ్లర్ అనే గుండె వైద్యుడు, హెల్ముట్ హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్త కలిసి మొదటిసారి గుండె మీద ఇది ప్రయత్నించారు. వాళ్లు వాడింది లోహంలో పగుళ్లు వెతకడానికి కర్మాగారాల్లో వాడే పరికరం.

ఈ ధ్వనికి రెండు శత్రువులు: గాలి, ఎముక. జెల్ రాసేది చర్మానికీ ప్రోబ్‌కూ మధ్య గాలి లేకుండా చేయడానికి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టేది గుండె ఛాతీ గోడకు దగ్గరగా జరగాలని, ఊపిరితిత్తి కొంచెం పక్కకు తప్పుకోవాలని. ప్రక్కటెముకల సందుల్లోంచే చూడాలి కాబట్టి ప్రోబ్‌ను కాస్త గట్టిగా అదమాల్సి వస్తుంది. బాగా లావుగా ఉన్నవాళ్లలో, ఏళ్ల తరబడి ఆయాసం జబ్బుతో ఊపిరితిత్తులు ఉబ్బినవాళ్లలో, ఛాతీ మీద కట్లు ఉన్నవాళ్లలో బొమ్మ మసకగా వస్తుంది. రిపోర్టు మీద "పూర్ విండో" అని ఉంటే అర్థం అదే. ఆ రెండు మాటలు కనిపిస్తే కింద రాసిన అంకెలన్నిటినీ కొంచెం అనుమానంగానే చదవాలి.

రేడియేషన్ లేదు, సూది లేదు, పరగడుపున రావాల్సిన పని లేదు. మంచం దగ్గరికే యంత్రాన్ని తోసుకొచ్చి చేయొచ్చు. కడుపుతో ఉన్నవాళ్లకూ పసిబిడ్డకూ నిర్భయంగా చేయొచ్చు. ఇన్ని సుగుణాలున్న పరీక్ష గుండెకు మరొకటి లేదు. అందుకే దాని మీద మోయలేనంత బరువు కూడా పెడుతున్నాం.

వాల్వుల విషయంలో ఎకోను మించింది లేదు

స్టెతస్కోపుతో విన్నప్పుడు మర్మర్, అంటే గుండె చప్పుడులో అదనపు శబ్దం, ఉందన్నారా? ఇంకో ఆలోచన అక్కర్లేదు, ఎకోయే చేయించండి. వాల్వు ఎంత తెరుచుకుంటోంది, ఎంత కారుతోంది, రేకులు మందంగా ఉన్నాయా, మూడు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయా అన్నవి ఎకో కదులుతుండగానే చూపిస్తుంది. ఎంఆర్ఐ కొన్ని సందర్భాల్లో కారడాన్ని ఇంకా కచ్చితంగా కొలుస్తుంది. సీటీ వాల్వు మీద పేరుకున్న సున్నాన్ని, అంటే కాల్షియంను, లెక్కబెడుతుంది. కానీ మొదటి మెట్టు ఎకోయే.

ఒక లెక్క చూడండి, ఈ పరీక్ష బలమూ బలహీనతా రెండూ అందులోనే తెలుస్తాయి. బృహద్ధమని మొదట్లో ఉండే అయోర్టిక్ వాల్వు ముడుచుకుపోతే రక్తం ఆ సన్నని సందులోంచి వేగంగా చిమ్ముతుంది. తోటకు నీళ్లు పెట్టే గొట్టం మూతిని వేలితో నొక్కితే ధార దూరం కొడుతుంది కదా, అదే సంగతి. ఎకోలోనే ఉండే డాప్లర్ అనే పద్ధతితో ఆ వేగం కొలుస్తాం. వేగాన్ని వేగంతో గుణించి, దాన్ని మళ్లీ 4తో గుణిస్తే వాల్వుకు అటూ ఇటూ ఉన్న పీడనం తేడా వస్తుంది. సెకనుకు 4 మీటర్ల వేగం ఉంటే 4×4×4, అంటే 64. బీపీ కొలిచే కొలమానంలోనే ఆ 64. వేగం 4 మీటర్లకు, సగటు తేడా 40కి చేరినా, వాల్వు వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరుకు తగ్గినా ముడుచుకోవడం తీవ్రంగా ఉన్నట్టు. గుండెలోకి ఏ గొట్టమూ పంపకుండా చర్మం మీద నుంచే ఇది తెలియడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

అయితే ధ్వని కిరణం రక్తధారకు సరిగ్గా ఎదురుగా ఉంటేనే ఆ వేగం నిజమైనది. ఏటవాలుగా తగిలితే తక్కువ చూపిస్తుంది. 4.3 ఉన్నది 3.4గా రావొచ్చు. తీవ్రమైన జబ్బు "మోడరేట్"గా కాగితం ఎక్కవచ్చు. రెండో చిక్కు: గుండె కండరమే నీరసించి ఉంటే రక్తాన్ని వేగంగా తోయలేదు, వాల్వు బాగా ముడుచుకున్నా అంకె చిన్నదిగానే వస్తుంది. అలాంటప్పుడు డోబుటమిన్ అనే మందు తక్కువ మోతాదులో ఎక్కిస్తూ మళ్లీ ఎకో చేస్తారు. లేదంటే సీటీలో వాల్వు మీది సున్నం లెక్క చూస్తారు. ఆ లెక్క మగవాళ్లలో 2000, ఆడవాళ్లలో 1200 దాటితే తీవ్రమైన ముడత అయ్యే అవకాశం ఎక్కువ. ఆయాసం, కళ్లు తిరగడం, ఛాతీ నొప్పి ఉండి కూడా ఎకోలో "మోడరేట్" అని వస్తే ఆ కాగితంతో తృప్తి పడకండి. మళ్లీ చూడమని అడగడం మీ హక్కు.

ఈఎఫ్ అనే అంకె గురించి కొంచెం ఎక్కువసేపు

రిపోర్టులో అందరి కళ్లూ ముందు పడేది దీనిమీదే. గుండె నిండినప్పుడున్న రక్తంలో ఒక్కో కొట్టుకోవడానికి ఎంత శాతం బయటికి పోతుందన్నదే ఈఎఫ్. "ఈఎఫ్ 60 శాతం" అని ఉంటే "అయ్యో, 40 శాతం గుండె పోయిందా" అని ఏడ్చిన ఒక పెద్దావిడ నాకు బాగా గుర్తు. ఆమె చెయ్యి పట్టుకుని లెక్క చెప్పాను. మీ గుండె నిండినప్పుడు అందులో 120 మిల్లీలీటర్ల రక్తం ఉందనుకోండమ్మా, ముడుచుకున్నాక 50 మిగిలింది. బయటికి వెళ్లింది 70. 120లో 70 అంటే 58 శాతం. ఏ ఆరోగ్యవంతుడి గుండె కూడా ఉన్నదంతా ఊడ్చి పంపదు. మగవాళ్లలో 52 నుంచి 72, ఆడవాళ్లలో 54 నుంచి 74 మామూలు. 100 అనేది ఎవరికీ ఉండదు.

పంపింగ్ తగ్గిందా లేదా అన్న ప్రశ్నకు ఎకో మంచి పరీక్ష. 40 లేదా అంతకంటే తక్కువ ఉంటే మందులు మారతాయి, కొన్నిసార్లు గుండెలో అమర్చే పరికరాల ఆలోచన కూడా వస్తుంది. కానీ ఇది కొలబద్దతో కొలిచిన అంకె కాదు. తెర మీద గుండె లోపలి అంచును చేత్తో గీసి, యంత్రంతో లెక్క కట్టించినది. ఒకే బొమ్మను ఇద్దరు చదివితే 5 నుంచి 10 పాయింట్ల తేడా రావడం మామూలే. పోయిన ఏడు 58, ఈ ఏడు 53 అంటే గుండె పాడైందని కాదు. అదే 58 నుంచి 40కి దిగితే మాత్రం అది తేడాయే. త్రీడీ ఎకో ఉంటే ఈ ఊగిసలాట తగ్గుతుంది. ఎంఆర్ఐలో ఇంకా తగ్గుతుంది. రొమ్ము క్యాన్సర్ వంటివాటికి గుండెను దెబ్బతీసే అవకాశమున్న మందులు వాడేటప్పుడు చిన్న తేడా కూడా ముఖ్యం కాబట్టి, కండరం ఎంత కుదించుకుంటోందో చెప్పే "స్ట్రెయిన్" అనే కొలత కూడా తీయమని అడగాలి. ఈఎఫ్ పడకముందే అది పడుతుంది. చికిత్స మొదట్లో తీసిన అంకెతో పోలిస్తే 15 శాతం మించి తగ్గితే డాక్టర్లు జాగ్రత్తపడతారు. పదే పదే చూడాల్సిన ఇలాంటి వాళ్లు వీలైతే ప్రతిసారీ ఒకే చోట, ఒకే రకం యంత్రం మీద చేయించుకోవడం మంచిది.

ఈఎఫ్ బాగుంది కాబట్టి గుండె బాగుంది అనుకోవడానికీ లేదు. కండరం బిగుసుకుపోయి, సరిగా సడలక, నిండక పోయినా ఆయాసం వస్తుంది. అందులో ఈఎఫ్ 60 ఉండొచ్చు. ఎడమ పై గది పెద్దదవడం, నిండే తీరు, ఊపిరితిత్తుల వైపు పీడనం, గుండె మీది ఒత్తిడిని చెప్పే బీఎన్‌పీ రక్త పరీక్ష అన్నీ కలిపి చూస్తే గానీ అది తెలియదు. ఇంకో మాయ ఉంది. ఎడమ వైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వు బాగా కారుతుంటే రక్తం ముందుకు సగం, వెనక్కి సగం పోతుంది. లెక్కకు మాత్రం అదంతా బయటికి వెళ్లినట్టే. కాబట్టి ఈఎఫ్ అందంగా కనిపిస్తుంది. అలాంటి వాళ్లలో ఈఎఫ్ 60కి దిగిందంటేనే ఆపరేషన్ గురించి గట్టిగా ఆలోచించే సమయం వచ్చిందని అర్థం. ఒకే అంకె ఒకరికి అభయం, మరొకరికి హెచ్చరిక.

బ్లాకుల దగ్గర ఎకో ఎందుకు ఆగిపోతుంది

గుండె కండరానికి రక్తం తెచ్చే కరొనరీ నాళాలు గుండె ఉపరితలం మీద ఉంటాయి. వెడల్పు రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. గుండెతో పాటే ఎగురుతుంటాయి. ఛాతీ మీద నుంచి పంపిన ధ్వనికి వాటి లోపల ఏం పేరుకుందో పట్టుకునే శక్తి లేదు.

నాళం కనిపించకపోయినా, రక్తం అందని కండరం కదలిక తగ్గడం కనిపిస్తుంది కదా? కనిపిస్తుంది. రిపోర్టుల్లో "ఆర్‌డబ్ల్యూఎంఏ" అనేది దాన్నే. కానీ పడుకుని విశ్రాంతిగా ఉన్న మనిషి గుండెకు కావాల్సిన రక్తం తక్కువ. నాళం ముప్పాతిక భాగం మూసుకున్నా దాని కింది సన్న నాళాలు విప్పారి ఆ కాస్త రక్తాన్నీ అందించేస్తాయి. 85, 90 శాతం మూసుకునే దాకా విశ్రాంతిలో ప్రవాహం పెద్దగా పడిపోదు. మెట్లెక్కితే అవసరం మూడు నాలుగింతలు అవుతుంది, అప్పుడు కొరత బయటపడుతుంది. నా మంచం మీద పడుకున్న పది పదిహేను నిమిషాల్లో ఆ మనిషి మెట్లెక్కడం లేదు.

ఒకాయన ఉండేవారు, వయసు యాభై దాటింది. పొద్దున నడకలో సరిగ్గా మొదటి మలుపు దగ్గరికి వచ్చేసరికి ఛాతీ మధ్యలో బరువు, నిలబడితే రెండు నిమిషాల్లో తగ్గేది. ఎకో తీశాను, అంతా చక్కగా ఉంది. గోడలన్నీ బాగా కదులుతున్నాయి, ఈఎఫ్ 62. ఆయన లేచి చొక్కా గుండీలు పెట్టుకుంటూ "హమ్మయ్య" అన్నారు. ఆ మాట నన్ను ఆపేసింది. కూర్చోబెట్టి చెప్పాను, ఈ కాగితం మీ నొప్పికి జవాబు కాదు, మీ డాక్టరుగారితో నడకలో వస్తున్న బరువు గురించే మాట్లాడండి అని. తర్వాత సీటీలో ముందు వైపు ప్రధాన నాళం బాగా సన్నబడినట్టు తేలింది. ఆ ఎకోలో పొరపాటు ఏమీ లేదు. అది తనను అడిగినదానికి సరిగ్గానే జవాబిచ్చింది.

ఎదురు తప్పు కూడా జరుగుతుంది. గోడ కదలిక తేడాగా ఉన్నంత మాత్రాన బ్లాకు ఉన్నట్టు కాదు. ఈసీజీలో గుండె ఎడమ వైపు విద్యుత్ దారి అడ్డుపడే ఎల్‌బీబీబీ ఉన్నా, పేస్‌మేకర్ ఉన్నా, గుండె కండరానికి వాపు వచ్చినా, తీవ్రమైన మానసిక ఆఘాతం తర్వాత వచ్చే టకోట్సుబోలోనూ కదలిక మారుతుంది.

ఒక్క మాట ఇక్కడే గట్టిగా చెప్పాలి. ఛాతీ నొప్పి, చెమటలు, ఆయాసం ఇప్పుడే మొదలైతే ఎకో ఎక్కడ తీస్తారని వెతకొద్దు. నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి. అక్కడ పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలి, గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్త పరీక్ష చేయాలి, అవసరమైతే మళ్లీ చేయాలి. ఎకో అక్కడ సహాయకారి మాత్రమే.

నడిస్తే నొప్పి వస్తోంది: టీఎంటీయా, స్ట్రెస్ ఎకోనా, సీటీయా, యాంజియోగ్రామా?

చాలామంది తికమకపడేది ఇక్కడే. నా అభిప్రాయం దాచకుండా చెప్తాను.

టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ చూడటం, సులువైనదే కానీ బలహీనమైనది. జబ్బు ఉన్న నూరు మందిలో సుమారు ముప్పై మందిని వదిలేస్తుంది. జబ్బు లేనివాళ్లను, ముఖ్యంగా ఆడవాళ్లను, అనవసరంగా భయపెడుతుంది. మొదటి ఈసీజీలోనే తేడాలుంటే, పేస్‌మేకర్ ఉంటే, మోకాళ్లు సహకరించకపోతే దండగే. అయినా అందులో ఒక విలువైన సంగతి ఉంది: మనిషి ఎంతసేపు, ఎంత వేగంతో నడవగలిగాడన్నది. ఇబ్బంది లేకుండా చివరి దశల దాకా నడిచినవాళ్ల భవిష్యత్తు సాధారణంగా బాగుంటుంది.

స్ట్రెస్ ఎకోలో ముందు ఒకసారి ఎకో తీసి, నడిపించి, దిగిన నిమిషం, నిమిషంన్నర లోపే మళ్లీ తీస్తారు. నడవలేనివాళ్లకు డోబుటమిన్ ఎక్కించి గుండెను పరిగెత్తిస్తారు. 220లోంచి వయసు తీసేసి, అందులో 85 శాతం నాడి వేగం చేరేదాకా. రక్తం అందని భాగం అప్పుడు వెనకబడుతుంది. ఏ నాళం పరిధిలో ఇబ్బంది ఉందో అంచనా దొరుకుతుంది, రేడియేషన్ లేదు. కానీ ఆ నిమిషంలో ఊపిరి ఎగపోస్తున్న మనిషి ఛాతీలోంచి బొమ్మ తీయాలి, కంటితో అంచనా కట్టాలి. చేసే చెయ్యి, చదివే కన్ను రెండూ అనుభవమున్నవై ఉండాలి. అలాంటి చోటు అందుబాటులో ఉంటే నేను టీఎంటీ కన్నా దీన్నే ఎంచుకుంటాను. బొమ్మ మసకగా వచ్చేవాళ్లకు టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం వాడే న్యూక్లియర్ స్కాన్ మేలు. అది కండరానికి రక్తం చేరిన తీరునే చూపిస్తుంది. దానిలో లోటేమంటే, మూడు నాళాలూ సమానంగా మూసుకున్నప్పుడు అన్ని చోట్లా సమానంగా తగ్గి, ఏ తేడా లేనట్టే కనిపించవచ్చు.

సీటీ కరొనరీ యాంజియోగ్రామ్ నాళాన్నే చూపిస్తుంది. దాని అసలు బలం "లేదు" అని చెప్పడంలో ఉంది. మంచి సీటీలో నాళాలు శుభ్రంగా ఉంటే పెద్ద బ్లాకు లేదని దాదాపు నిశ్చింతగా ఉండొచ్చు. ఇంకా దారికి అడ్డం రాని తొలి దశ కొవ్వు కూడా అందులో కనిపిస్తుంది, దాన్ని బట్టి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మొదలుపెట్టవచ్చు. ఏ స్ట్రెస్ పరీక్షా ఇది చెప్పదు. కానీ అయోడిన్ రంగు ఎక్కించాలి, మూత్రపిండాలు బలహీనంగా ఉంటే జాగ్రత్త అవసరం. నాడి వేగాన్ని మందుతో 60, 65 దగ్గరికి తేవాలి. నాళాల నిండా సున్నం పేరుకున్నా, చిన్న స్టెంట్లున్నా బొమ్మ కళ్లు మిరుమిట్లు గొలిపేలా వచ్చి లోపల ఎంత దారి మిగిలిందో తెలియదు.

కాబట్టి, ఇంతకు ముందు గుండె జబ్బు లేదు, నొప్పి అటో ఇటో తెలియడం లేదు, వయసు అరవై ఐదు లోపు అయితే నా ఓటు సీటీకే. వయసు పైబడి నాళాల్లో సున్నం ఉండే అవకాశం ఎక్కువైనా, ఇప్పటికే స్టెంట్లు వేసి ఉన్నా, ఉన్న బ్లాకు నిజంగా ఇబ్బంది పెడుతోందా అన్నది ప్రశ్న అయినా స్ట్రెస్ ఎకో లేదా న్యూక్లియర్ స్కాన్. కొద్దిపాటి నడకకే నొప్పి, మందులకు లొంగని నొప్పి, ఈఎఫ్ కూడా పడిపోయిన స్థితి అయితే నడిపించి చూడటం మాని నేరుగా చేతి నాళంలోంచో తొడ నాళంలోంచో చేసే యాంజియోగ్రామే సరి. అక్కడే బ్లాకుకు అవతలా ఇవతలా పీడనం కూడా కొలవచ్చు. ఎఫ్ఎఫ్ఆర్ అనే ఆ నిష్పత్తి 0.80 లేదా అంతకంటే తక్కువ వస్తే ఆ బ్లాకు కండరాన్ని కరువులో పెడుతున్నట్టు.

అన్నవాహికలోంచి చూడాల్సినప్పుడు

ఎడమ పై గది వెనకాలే అన్నవాహిక ఆనుకుని ఉంటుంది. సన్నని గొట్టం చివర ప్రోబ్ పెట్టి మింగిస్తే మధ్యలో పక్కటెముకా లేదు, ఊపిరితిత్తీ లేదు. దీన్ని టీఈఈ అంటారు. ఆరు గంటలు ఏమీ తినకుండా రావాలి, గొంతు మొద్దుబార్చి, కొంచెం మత్తు ఇచ్చి చేస్తారు. సుఖంగా ఉండే పరీక్ష కాదు. అందుకని అవసరం ఉన్నచోటే చేయాలి, అవసరం ఉన్నచోట వాయిదా వేయకూడదు.

వాల్వు జబ్బో కృత్రిమ వాల్వో ఉన్న మనిషికి తగ్గని జ్వరం, రక్తంలో బ్యాక్టీరియా. మామూలు ఎకోలో వాల్వు మీద గడ్డ కనిపించలేదు. ఇక్కడ ఆగిపోవడం ప్రమాదం. ఛాతీ మీద నుంచి తీసే ఎకో అలాంటి గడ్డల్లో చాలా వాటిని వదిలేస్తుంది, లోహపు వాల్వు ఉంటే దాని నీడలో మరీను. అనుమానం బలంగా ఉంటే టీఈఈ చేయాల్సిందే, అవసరమైతే వారం లోపు మళ్లీ. ఎడమ పై గదికి చెవిలా వేలాడే చిన్న సంచిలో రక్తపు గడ్డ ఉందా అన్నది కూడా మామూలు ఎకోకు అందని సంగతే. లయ తప్పిన గుండెకు షాక్ ఇచ్చే ముందు ఆ సంచి చూడాల్సి వస్తే టీఈఈ కావాలి.

కండరమే జబ్బు పడితే ఎంఆర్ఐ

గోడ మందం ఎకో కొలుస్తుంది. ఎందుకు మందమైందో చాలాసార్లు చెప్పలేదు. బీపీ వల్లనా, పుట్టుకతో వచ్చిన జన్యు లోపం వల్లనా, అమిలాయిడ్ అనే ప్రొటీన్ లాంటిదేదో పేరుకోవడం వల్లనా? 15 మిల్లీమీటర్లు దాటిన గోడ, దానికి తగ్గ బీపీ చరిత్ర లేదు. లేదా గోడ మందంగా ఉండి ఈసీజీలో మాత్రం గీతలు పొట్టిగా ఉన్నాయి. ఇవి ఎంఆర్ఐ అడగాల్సిన సందర్భాలు. గాడోలినియం అనే రంగు మందు ఎక్కించి తీసే ఎంఆర్ఐ కండరంలో మచ్చ ఎక్కడుందో, ఎంత ఉందో తెల్లగా చూపిస్తుంది. వైరల్ జ్వరం తర్వాత గుండె కండరానికి వాపు వచ్చిందన్న అనుమానానికీ ఇదే సరైన దారి. అర్ధగంట నుంచి గంట దాకా ఇరుకు గొట్టంలో కదలకుండా, చెప్పినప్పుడల్లా ఊపిరి బిగబట్టి పడుకోగలగాలి. పేస్‌మేకర్లు ఉన్నవాళ్లకు ఇప్పుడు చాలావరకు చేయగలుగుతున్నారు, కాకపోతే ఆ పరికరం కార్డు ముందే చూపించాలి.

గుండె దడకు ఎకో సగం జవాబే. నిర్మాణంలో లోపం లేదని చెబుతుంది, లయ ఎలా తప్పుతోందో పట్టుకునేది ఈసీజీ, ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ అయిన హోల్టర్. నెలకోసారి వచ్చే దడకు 24 గంటల హోల్టర్ పెడితే చిక్కేది తక్కువ, ఎక్కువ రోజులు ఉంచుకునే పరికరం అడగండి. పరిగెడుతుండగా స్పృహ తప్పి పడిపోతే మాత్రం ఎకో తప్పనిసరి, అదీ ఆలస్యం చేయకుండా. ఊపిరితిత్తుల వైపు పీడనం ఎక్కువగా ఉందని ఎకోలో వస్తే అది అంచనాయే. అటూ ఇటూ పది పాయింట్ల తేడా మామూలు, జబ్బు అని తేల్చేది కుడి గుండెలోకి పంపే కాథెటర్.

రిపోర్టులో భయపడనక్కర్లేని మాటలు

ట్రివియల్ టీఆర్, ట్రివియల్ ఎంఆర్ ఆరోగ్యవంతుల్లోనే ఎంతోమందికి కనిపిస్తాయి. వాల్వు మూసుకునే క్షణంలో కాస్త వెనక్కి జారిన రక్తాన్ని నేటి యంత్రాలు పట్టేస్తున్నాయి, అంతే. అరవై దాటినవాళ్లలో గుండె సరిగా సడలకపోవడాన్ని సూచించే "గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్" చాలా మామూలు, చాలావరకు వయసు వల్ల వచ్చే బిగుతే. బీపీ, షుగరు, బరువు చూసుకోమని దానికి అర్థం చెప్పుకోవచ్చు.

తేలిగ్గా తీసుకోకూడని మాట "బైకస్పిడ్". వాల్వుకు మూడు రేకులకు బదులు రెండే ఉండటం అది. నూరు మందిలో ఒకరిద్దరికి ఉంటుంది. ఇప్పుడు ఏ ఇబ్బందీ లేకపోయినా బృహద్ధమని మొదలు వెడల్పు అవుతోందా అన్నది ఏళ్ల తరబడి గమనించాలి. తోబుట్టువులకూ పిల్లలకూ ఒకసారి ఎకో తీయించడం మంచిది.

మళ్లీ ఎప్పుడు తీయించాలన్నది వాల్వును బట్టి ఉంటుంది. అయోర్టిక్ వాల్వు కొద్దిగా ముడుచుకుంటే మూడు నుంచి ఐదేళ్లకోసారి, మధ్యస్థంగా ఉంటే ఏడాది రెండేళ్లకోసారి, తీవ్రంగా ఉండి లక్షణాలు లేకపోతే ఆరు నెలల నుంచి ఏడాదికోసారి. కొత్తగా ఆయాసం మొదలైతే ఈ లెక్కలేవీ చూడకుండా వెంటనే. ఏ లక్షణమూ, ఏ మర్మరూ లేనివాళ్లు ఏటేటా "ఓసారి చూపిద్దాం" అని ఎకో చేయించుకోవడం వల్ల ఒరిగేది లేదు.

ఎకోకు వెళ్లే ముందు

పాత రిపోర్టే కాదు, పాత ఎకో సీడీ ఉంటే అదీ తీసుకెళ్లండి. అంకెలను పోల్చడం కన్నా బొమ్మలను పక్కపక్కన పెట్టి పోల్చడం వంద రెట్లు నమ్మకమైనది. ఆ రోజు బీపీ ఎంత ఉందో రాయించండి. బీపీ 180 ఉన్నప్పుడు కారిన వాల్వు, 120 ఉన్నప్పుడు అంత కారకపోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, చీటీ మీద ప్రశ్న ఉండాలి. నా దగ్గరికి వచ్చే చీటీల్లో చాలావాటి మీద "2డీ ఎకో" అని మాత్రమే ఉంటుంది. అప్పుడు నేను అన్నీ వరుసగా చూసి, అన్నీ కొలిచి పంపేస్తాను. ఎప్పుడైనా ఒక చీటీ మీద "మూడు నెలలుగా మెట్లెక్కితే ఆయాసం, మెడ దాకా పాకే మర్మర్, అయోర్టిక్ వాల్వు చూడగలరు" అని కనిపిస్తుంది. ఆ రోజు మామూలు చోట్ల కొలిచి ఊరుకోను. మనిషిని కుడి పక్కకు తిప్పి పడుకోమంటాను. పెన్సిలంత సన్నని డాప్లర్ ప్రోబ్ తీసి, రొమ్ము ఎముక కుడి అంచున, మెడ గుంటలో, ధార ఎటు నుంచి సూటిగా వస్తోందో చెవిని యంత్రం శబ్దానికి అప్పగించి వెతుకుతాను. ఎడమ వైపు నుంచి 3.4 చూపించిన వేగం ఒక్కోసారి అక్కడ 4.3 అవుతుంది.